గోడకు పగులు పడితే ముందు ఎవరిని అడగాలి?

గోడకు పగులు పడింది. నిరుడు వెంట్రుకంత ఉండేది. ఇప్పుడు గోరు దూరుతోంది. రాత్రి పడుకుంటే కళ్లు దానిమీదికే పోతాయి. పక్కింటామె చూసి "పునాది కుంగిందేమో వదినా" అంటుంది. ఇంకొకాయన "వాస్తు చూపించండి" అంటాడు. మూడోరోజు మేస్త్రీ వస్తాడు. గోడను అరచేత్తో తట్టి చూస్తాడు. "పునాది పోయిందమ్మా. కింద తవ్వి కాంక్రీటు వెయ్యాలి. లక్ష దాటుతుంది. ఈ వారమే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే నాది పూచీ కాదు" అంటాడు.

అప్పుడు మనం ఏం చేస్తాం? భయపడతాం. సంఘంలో అప్పు అడుగుతాం. చాలకపోతే మెడలోది తాకట్టు పెడతాం. అడ్వాన్సు చేతిలో పెట్టేస్తాం. పగులు ఎందుకు పడిందని మాత్రం ఎవరినీ అడగం.

ఒక లెక్క వేసుకుందాం. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నూటికి నెలకు 2 రూపాయలు. లక్షకు నెలకు 2,000. ఏడాదికి 24,000. అసలు అలాగే ఉంటుంది. ఇంత డబ్బు పెట్టే ముందు ఒకటి రెండు వేలు పెట్టి, అసలు పని అవసరమా అని తెలిసినవాళ్లను అడగడం దండగ ఖర్చు కాదు.

మేస్త్రీ మాట ఒక్కటే ఎందుకు చాలదు?

మేస్త్రీ చెడ్డవాడని చెప్పడం లేదు. మన ఇళ్లన్నీ మేస్త్రీలు కట్టినవే. ఇటుక మీద ఇటుక పేర్చడం, తూకం చూడడం, గచ్చు చెయ్యడం వాళ్లకు బాగా వచ్చు. కానీ పగులు ఎందుకు పడిందో కనిపెట్టడం వేరే విద్య. నేల సంగతి తెలియాలి. బరువు ఎటునుంచి ఎటు దిగుతుందో తెలియాలి. అది సివిల్ ఇంజనీరు చదువు.

ఇంకో సంగతి కూడా ఉంది. పునాది పోయిందంటే మేస్త్రీకి పెద్ద పని దొరుకుతుంది. పోలేదంటే చిన్న పనే. ఏది చెబితే తనకు లాభమో ఆ మనిషికి తెలుసు. నిజాయితీపరుడైనా మనసు కొంచెం అటు మొగ్గుతుంది. కడుపునొప్పి వస్తే మందుల షాపుకు వెళ్లి "నాకేం జబ్బు?" అని అడుగుతామా? ముందు డాక్టరు దగ్గరికి పోతాం. డాక్టరు చీటీ రాస్తే షాపుకు వెళ్తాం. ఇల్లైనా అంతే. జబ్బు చెప్పేవాళ్లు ఒకరు, మందు అమ్మేవాళ్లు ఇంకొకరు అయితే మనకు మంచిది.

అన్ని పగుళ్లూ పునాదివి కావు

ఇది ముఖ్యమైన మాట. గోడమీద గీత కనబడగానే పునాది అనుకోవద్దు. ఈ పేజీ పక్కన పెట్టి లేచి మీ గోడలు ఒకసారి చూసి రండి.

గోడంతా సాలెగూడులాగా సన్నని గీతలున్నాయా? అది పైపూత పగులు. సిమెంటు ఎక్కువ వేసినా, పూసిన తర్వాత సరిగా తడపకపోయినా ఇలా అవుతుంది. చూడ్డానికి బాగుండదు గాని ఇంటికి ప్రమాదం లేదు.

స్లాబుకు సరిగ్గా కింద, గోడపైన అడ్డంగా గీత ఉందా? ఎండకు స్లాబు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మన ఎండలు తెలుసు కదా. స్లాబు కదిలినప్పుడు కింద గోడ దాంతోపాటు కదలదు. మధ్యలో గీత పడుతుంది.

పిల్లరు, ఇటుక గోడ కలిసేచోట నిలువుగా గీత ఉందా? కాంక్రీటు ఒక రకంగా సాగుతుంది, ఇటుక ఇంకో రకంగా సాగుతుంది. రెండూ కలిసేచోట విడిపోతాయి. పూతలో జాలీ పెట్టి ఉంటే ఈ గీత రాకుండా చాలావరకు ఆపవచ్చు.

గోడ అడుగున పూత ఉబ్బి రాలుతోందా? తెల్లగా ఉప్పులాగా పూస్తోందా? అది నేలలోంచి ఎక్కిన చెమ్మ. స్లాబు కిందివైపు పెచ్చులు ఊడి, లోపలి ఊచలు తుప్పుపట్టి కనబడుతున్నాయా? ఇది పునాది జబ్బు కాదు, స్లాబు జబ్బు. కానీ తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పెచ్చు పిల్లల నెత్తిమీద పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మరి పునాది పగులు ఎలా ఉంటుంది? ఎక్కువగా ఏటవాలుగా పోతుంది. ఇటుకల మధ్య సందుల వెంట మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. కిటికీ మూల దగ్గరో తలుపు మూల దగ్గరో మొదలవుతుంది. ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉంటుంది. గోడకు లోపలా కనబడుతుంది, అదేచోట బయటా కనబడుతుంది. దాంతోపాటు తలుపు గడపకు రాసుకుంటుంది. మొన్నటిదాకా పడిన గొళ్లెం ఇప్పుడు పడదు. నేలమీద గోళీ పెడితే ఒక మూలకు దొర్లిపోతుంది. ఇవన్నీ కలిసి ఉంటే అనుమానించాలి. ఒక్కటే ఉంటే తొందరపడొద్దు.

ఒక రూపాయి బిళ్ల తీసుకోండి. దాని అంచు మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. పగుల్లో అది దూరదంటే పగులు సన్నదే. దూరిందంటే ఇంజనీరుకు చూపించే రోజు వచ్చినట్టే.

గోడ బయటికి ఉబ్బినా, పక్కకు ఒరిగినా, పగుల్లోంచి అవతలి వెలుతురు కనబడినా, పగులు రోజురోజుకూ పెరుగుతున్నా ఆ గదిలో పడుకోవద్దు. ముసురు పట్టిన రోజుల్లో మట్టిగోడ నాని బరువెక్కి ఉంటే అసలే వద్దు. సామాను తర్వాత. ముందు పిల్లలు, ముసలివాళ్లు బయటికి రావాలి. ఇంజనీరు, ఫీజు, కాగితం ఇవన్నీ ఆ తర్వాతి సంగతి.

నల్లరేగడి సంగతి

మన రెండు రాష్ట్రాల్లో నల్లరేగడి నేల చాలా ఉంది. పత్తి, మిరప, శనగ పండే నేల అది. పంటకు బంగారం. ఇంటికి మాత్రం గండం.

ఎండాకాలం నల్లరేగడి చేను చూడండి. నెర్రెలు పడి ఉంటుంది. కాలు ఇరుక్కునేంత నెర్రెలు. అదే చేను వానలు పడగానే నెర్రెలన్నీ మూసుకుని ఉబ్బుతుంది. ఈ మట్టిలో ఉండే ఒక రకం బంకకు నీటిని పీల్చుకుని ఉబ్బే గుణం ఉంది. నీళ్లు పోతే కుంచించుకుపోతుంది. ఇంటికింద కూడా అదే మట్టి. అది ఏడాదికోసారి లేస్తుంది, ఏడాదికోసారి దిగుతుంది.

ఇల్లు మొత్తం ఒక్కసారి లేచి, ఒక్కసారి దిగితే బాధ లేదు. అలా జరగదు. ఇంటి మధ్య భాగానికి పైన గచ్చు ఉంది, కప్పు ఉంది. అక్కడ మట్టి తొందరగా ఎండదు, తొందరగా తడవదు. ఇంటి అంచులకు, మూలలకు మాత్రం ఎండా వానా నేరుగా తగులుతాయి. ఎండాకాలం మూలలు దిగుతాయి, మధ్య భాగం నిలబడుతుంది. వానాకాలం మూలలు లేస్తాయి. ఈ లాగుళ్లలో గోడ చీలుతుంది. అందుకే నల్లరేగడి ఊళ్లలో కొన్ని పగుళ్లు ఎండాకాలం తెరుచుకుంటాయి, వానాకాలం మూసుకుంటాయి. మీ ఇంట్లో పగులు ఇలా చేస్తోందా? అయితే ఆ మాట ఇంజనీరుకు తప్పకుండా చెప్పండి. ఆయన ఒక్కరోజు చూస్తే తెలియని సంగతి అది. ఇంట్లో ఉండే మీకే తెలుస్తుంది.

మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకోడానికి ఇంజనీరింగు కాలేజీల్లో ఒక తేలికైన పరీక్ష చేస్తారు. వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఆరబెట్టి, జల్లించిన మట్టి 10 గ్రాములు తీసుకుంటారు. అలాంటివి రెండు వాటాలు. గీతలున్న రెండు గాజు గొట్టాల్లో వేస్తారు. ఒకదాంట్లో నీళ్లు పోస్తారు. రెండోదాంట్లో కిరోసిన్ పోస్తారు. కిరోసిన్‌లో ఈ మట్టి ఉబ్బదు. నీళ్లలో ఉబ్బుతుంది. ఒక రోజు ఆగి రెండు గొట్టాల్లో మట్టి ఎంత ఎత్తు ఉందో చూస్తారు. కిరోసిన్‌లో 10 గీతల దాకా, నీళ్లలో 20 గీతల దాకా ఉందనుకోండి. ఆ మట్టి నూటికి నూరు పాళ్లు ఉబ్బిందన్నమాట. రెండింతలైంది. అలాంటి నేలమీద మామూలు పునాది వేస్తే గోడలు పగలక ఏం చేస్తాయి?

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఇక్కడ ఆగి వినాలి. లోతుగా నల్లరేగడి ఉన్నచోట వేసే పునాది వేరే ఉంది. భూమిలోకి గుండ్రంగా గుంత తొలిచి, అడుగున గంటలాగా వెడల్పు చేసి, ఊచలు పెట్టి కాంక్రీటు పోస్తారు. రూర్కీలో ఉన్న కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ పద్ధతిని మన దేశంలో బాగా అభివృద్ధి చేసింది. గుంత కనీసం 3.5 మీటర్ల లోతు ఉండాలని లెక్క. అంటే పదకొండున్నర అడుగులు. ఎందుకంత లోతు? అంత కిందికి పోతే ఎండా వానల ప్రభావం ఉండదు. మట్టి కదలదు. కట్టేటప్పుడు దీనికి కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. కట్టాక పునాది మార్చాలంటే దానికి ఎన్నో రెట్లు అవుతుంది.

ఎర్రమట్టి, మొరం ఉన్న ఊళ్లలో ఈ బాధ తక్కువ. అక్కడ వేరే కారణాలు చూడాలి. కుంట పూడ్చిన స్థలంలో కట్టారా? బావి పూడ్చి కట్టారా? పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి అణుగుతూనే ఉంటుంది.

నీళ్లు ఎటు పోతున్నాయి?

నల్లరేగడైనా ఇంకే నేలైనా ఇంటి చుట్టూ నీళ్లు చూడండి. పునాది బాధల్లో చాలావాటికి మూలం నీళ్లే. చూరు నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా? స్నానాల గది నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? కుళాయి గొట్టం భూమిలో కారుతోందా? ఇంకుడు గుంత గోడకు ఆనుకుని తవ్వారా? పక్కింటివాళ్ల మురుగు మీ గోడకింద ఇంకుతోందా? వంట చేసేది, అంట్లు తోమేది, బట్టలుతికేది ఎక్కువగా మనమే. ఇంట్లో నీళ్ల దారి మనకు తెలిసినంతగా మగవాళ్లకు తెలియదు. అందుకే ఇంజనీరు వచ్చిన రోజు మీరు ఇంట్లోనే ఉండండి. టీ పెట్టడానికి లోపలికి పోయి అక్కడే ఉండిపోవద్దు.

చెట్టు సంగతి కూడా చెప్పాలి. పెద్ద చెట్టు గోడ దగ్గరుంటే దాని వేళ్లు మట్టిలో నీరు పీల్చేస్తాయి. ఎండాకాలం నల్లరేగడి ఇంకా కుంగుతుంది. అలాగని వెంటనే చెట్టు కొట్టెయ్యొద్దు. కొట్టేస్తే పీల్చే వేళ్లు ఉండవు. మట్టిలో మళ్లీ నీరు చేరుతుంది. మట్టి ఉబ్బుతుంది. కుంగిన గోడ ఈసారి పైకి లేస్తుంది. కొమ్మలు నరకడమా, వేళ్లకు అడ్డు వెయ్యడమా అని అడిగి చెయ్యండి.

గాజుముక్క కాపలా

ఇంజనీరు వచ్చేలోపు మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది. ఖర్చు లేదు. పగులు పాతదా? ఇంకా కదులుతోందా? ఇది తెలియాలి.

గాజుముక్క ఒకటి తీసుకోండి. పలచగా, వేలెడంత ఉంటే చాలు. చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకోండి. పగులుకు అడ్డంగా పెట్టండి. ఒక కొస పగులుకు ఇటు, ఇంకో కొస పగులుకు అటు రావాలి. రెండు కొసలనూ సిమెంటుతో గాని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గాని గట్టిగా అతికించండి. పైన సున్నం, పూత ఉంటే గీకి ఇటుక కనబడేలా చేసి అతికించాలి. పక్కన పెన్సిలుతో తేదీ రాయండి. పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.

గోడ కదిలితే గాజు పగులుతుంది. గాజు పగలలేదంటే గోడ కదలడం లేదు. వానాకాలం ఒకటి, ఎండాకాలం ఒకటి దాటేదాకా చూస్తే గట్టిగా తెలుస్తుంది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలు గీత గీసి తేదీ వెయ్యండి. నెల తర్వాత గీత దాటి పోయిందేమో చూడండి. ఇదంతా ఒక నోటుబుక్కులో రాసుకోండి. "జూన్ 10. గాజు బాగుంది. జులై 15. గాజు విరిగింది. ముందురోజు పెద్ద వాన." ఇంతే. మనం నేర్చుకున్న అక్షరాలకు ఇంతకంటే మంచి పని ఏముంది? ఆ బుక్కు ఇంజనీరు చేతికిస్తే ఆయన పని సగం అయినట్టే.

ఎవరిని పిలవాలి?

దగ్గరి పట్నంలో పాలిటెక్నిక్ కాలేజీ ఉంటే అక్కడ సివిల్ విభాగంలో పాఠాలు చెప్పే లెక్చరర్లుంటారు. ఇంజనీరింగు కాలేజీల్లోనూ ఉంటారు. మున్సిపాలిటీ లైసెన్సు ఉన్న ఇంజనీర్లుంటారు. ఉద్యోగం చేసి రిటైరైన ఇంజనీర్లు మన మండలాల్లోనే ఉంటారు. ప్రభుత్వ పథకంలో కట్టిన ఇల్లైతే మండలంలో హౌసింగ్ ఏఈని అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వాటిలో ఇంజనీరింగ్ అసిస్టెంటు పోస్టులు పెట్టారు. మీ ఊళ్లో ఎవరున్నారో కనుక్కోండి. మన సొంత ఇంటి పగులు చూడడం వాళ్ల డ్యూటీ కాకపోవచ్చు. అయినా ఎవరి దగ్గరికి పోవాలో దారి చెబుతారు.

ఎవరిని పిలిచినా మొదట ఈ మాట అడగండి: "సార్, రిపేరు పని కూడా మీరే చేయిస్తారా?" చేయిస్తానంటే ఆయన కూడా కాంట్రాక్టరే. వేరేవాళ్లను చూసుకోండి. మేస్త్రీ తనకు తెలిసిన ఇంజనీరును తనే వెంటబెట్టుకొస్తానంటే కూడా వద్దనండి. "చూడ్డానికి ఫ్రీ, డబ్బులొద్దు" అనేవాళ్లతో ఇంకా జాగ్రత్త. ఫ్రీగా చూసినవాళ్లు ఆ డబ్బు పనిలో రాబట్టుకుంటారు. ఫీజు ఎంతో ముందే అడగండి. దారిఖర్చు అందులోనేనా, వేరేనా అడగండి. చూసిన తర్వాత కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తారా అని అడగండి. నోటిమాటకు ఫీజు ఇవ్వొద్దు.

నోరు తెరిచి అడగడానికి మొహమాటమా? అయితే రాయండి. చదువు ఉంది కదా. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, నమస్కారం. మా ఊరు ........ . మా ఇల్లు కట్టి ...... ఏళ్లయింది. నేల నల్లరేగడి. ...... నెలలో వంటగది గోడకు పగులు పడింది. మేస్త్రీ పునాది రిపేరు చెయ్యాలంటున్నారు. ...... రూపాయలు అడుగుతున్నారు. మీరు వచ్చి చూసి, పగులుకు కారణం, చెయ్యాల్సిన పని కాగితం మీద రాసివ్వాలని కోరుతున్నాను. మీ ఫీజు ఎంతో తెలియజేయండి. పని మాత్రం వేరేవాళ్లతో చేయించుకుంటాము. ఇట్లు, ........"

ఆ చివరి మాట తీసెయ్యొద్దు. దానివల్లే ఆయన నిజం చెప్పడానికి వీలవుతుంది.

రెండిళ్ల కథ

మా చదువుల కేంద్రానికి వచ్చే ఒకక్క బట్టలు కుడుతుంది. వాళ్ల వంటగది మూల పగిలింది. మేస్త్రీ రెండు గోడల కింద పునాది తవ్వాలన్నాడు. 1,40,000 అవుతుందన్నాడు. అడ్వాన్సు 50,000 అడిగాడు. ఇంట్లో 90,000 ఉన్నాయి. అవి కూతురి నర్సింగ్ చదువుకు దాచినవి. భర్త ఇచ్చేద్దామన్నాడు. ఇల్లు కూలితే చదువెక్కడ అన్నాడు. ఆ మాటా తప్పు కాదు. అక్క మాత్రం రెండు రోజులు ఆగమంది. వాళ్లక్కను తోడు తీసుకుని పట్నంలో పాలిటెక్నిక్‌కు పోయింది. అక్కడి లెక్చరర్ ఆదివారం వచ్చారు. ఫీజు 2,000.

ఆయన పగులు కంటే ముందు స్నానాల గది చూశారు. బకెట్టు నీళ్లు గుమ్మరించమన్నారు. బయట తూములోకి సగమే వచ్చాయి. మిగతా నీళ్లేవి? ఇనప ఊచ ఒకటి తెప్పించారు. మూడు మూలల్లో నేలలో గుచ్చితే జానెడు కూడా దిగలేదు. వంటగది మూలలో మూరెడు దిగింది. గొట్టం అతుకు భూమిలో విడిపోయి ఏళ్లుగా అక్కడే నీళ్లు ఇంకుతున్నాయి. గొట్టం మార్చమన్నారు. గోడ చుట్టూ నాలుగడుగుల వెడల్పున, బయటికి వాలు ఉండేలా గచ్చు చెయ్యమన్నారు. పగులు మాత్రం అప్పుడే పూడ్చొద్దన్నారు. గాజులు అతికించి మళ్లీ ఎండాకాలం దాకా చూడమన్నారు. మొదటి నెలలో ఒక గాజు విరిగింది. అక్క రాత్రంతా నిద్రపోలేదట. ఆయనకు ఫోను చేస్తే, నేల ఆరుతోంది, ఇంకొకటి అతికించి చూడమన్నారు. తర్వాత అతికించినవి విరగలేదు. ఏడాదికి పగులు పూడ్చి జాలీ పెట్టి పూత వేయించారు. అన్నీ కలిపి 15,000 లోపే అయింది. గీత ఇంకా లీలగా కనబడుతుంది. అమ్మాయి నర్సింగ్ రెండో ఏడాది చదువుతోంది.

అదే వీధి చివర ఇంకో ఇల్లు. అక్కడ మేస్త్రీ చిన్నపనే చెప్పాడు. సిమెంటు కూరి పూత వేస్తే చాలన్నాడు. 12,000 అన్నాడు. వాళ్లు ఆ లెక్చరర్‌నే పిలిచారు. ఆయన చూసి, ఆ గది పాత కుంట పూడ్చిన స్థలంలో ఉంది, పునాది నిజంగానే దిగుతోంది, పూత వేస్తే డబ్బు దండగ అని రాసిచ్చారు. బాగు చెయ్యాలంటే రెండు లక్షల దాకా అవుతుందన్నారు. ఆ గదిలో పడుకోవద్దన్నారు. వాళ్లు చాలా ఏడ్చారు. చివరికి ఆ గది పడగొట్టి మిగతా ఇంట్లో సర్దుకున్నారు. సలహా అడిగితే ఎప్పుడూ ఖర్చు తగ్గుతుందని నేను చెప్పలేను. తెలియకుండా ఆ గోడకింద పిల్లల్ని పడుకోబెట్టే బాధ మాత్రం తప్పింది.

ఇంజనీరు కాగితంలో ఏముండాలి?

పగులుకు కారణం ఏమిటి? ఇంకా కదులుతోందా, ఆగిపోయిందా? ముందు చెయ్యాల్సిన చిన్న పనులేమిటి? పునాది పని కావాలంటే ఎక్కడ, ఎంత పొడవు, ఎంత లోతు? సిమెంటు, ఊచలు సుమారు ఎంత పడతాయి? ఇవి ఉండాలి. అర్థం కాని మాట ఉంటే ఆయన అక్కడ ఉండగానే అడగండి. చదువుకున్నవాళ్లకు కూడా ఇంజనీర్ల మాటలు అర్థం కావు. సిగ్గుపడక్కర్లేదు.

పునాది కింద తవ్వాల్సి వస్తే ఒక విషయం గట్టిగా పట్టుకోండి. గోడ పొడవునా ఒకేసారి తవ్వకూడదు. గోడ బరువంతా గాలిలో ఉంటుంది. కూలిపోతుంది. కింద మనుషులుంటారు. మీటరు, మీటరున్నర ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వాలి. తవ్విన ముక్కలో కాంక్రీటు వేసి, అది గట్టిపడ్డాక పక్క ముక్క తవ్వాలి. గోడకు, కప్పుకు ముందే పోట్లు పెట్టాలి. "ఇట్లయితే నెల పడుతుందమ్మా, ఒకేసారి తవ్వితే నాలుగు రోజుల్లో అయిపోతుంది" అని మేస్త్రీ అంటే పని ఆపించండి. మళ్లీ ఇంజనీరుకు చెప్పండి.

డబ్బు ఇచ్చేటప్పుడు

ఇంజనీరు కాగితం వచ్చాక ఇద్దరు ముగ్గురు మేస్త్రీలను పిలవండి. అందరికీ అదే కాగితం చూపించండి. అదే పనికి ఎవరెంత అడుగుతారో రాసుకోండి. కాగితం లేకపోతే ఒకరు ఒక పని చెబుతారు, ఇంకొకరు ఇంకో పని చెబుతారు. అప్పుడు రేట్లు పోల్చడం కుదరదు.

డబ్బంతా ముందే ఇవ్వొద్దు. సామాను తెచ్చినప్పుడు కొంత, సగం పని అయ్యాక కొంత, పని పూర్తయ్యాక కొంత ఇవ్వండి. చివర పదోవంతు ఒక వానాకాలం దాటాక ఇస్తామని ముందే రాసుకోండి. దీనికి కొందరు ఒప్పుకోరు. అడగడం మాత్రం మానొద్దు. ఇచ్చిన ప్రతిసారీ రసీదు రాయించుకోండి. తెల్లకాగితం మీద తేదీ, డబ్బు, ఏ పనికో రాసి ఇద్దరూ సంతకం పెడితే చాలు. ఫోన్‌పే చేస్తే ఆ మెసేజి ఉంచుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టొద్దు. రాసింది ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవండి. వాళ్లు ఆగుతారు. వేలిముద్ర వేసే రోజులు మనకు పోయాయి.

ప్రభుత్వ పథకాల ఇళ్లు చాలావరకు ఆడవాళ్ల పేరుమీదే ఉంటాయి. మీ ఇంటి పట్టా ఎవరి పేరుమీద ఉందో చూడండి. మీ పేరుంటే ఒప్పంద కాగితంలో కూడా మీ పేరు ఉండాలి. మేస్త్రీ మీ ఆయనతోనే మాట్లాడుతుంటే మధ్యలో అడగడం అమర్యాద కాదు.

మోసపోతే

డబ్బు తీసుకుని పని చెయ్యకపోయినా, చేసిన పని చెడిపోయినా అడిగే చోటు ఉంది. 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది. ఇల్లు కట్టే పని కూడా ఆ చట్టం కిందికి వస్తుంది. ముందు 1915 నంబరుకు ఫోను చెయ్యండి. అది వినియోగదారుల కోసం పెట్టిన జాతీయ నంబరు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. 5 లక్షల రూపాయల లోపు పనికి ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే ఇచ్చుకోవచ్చు. నష్టం జరిగిన రెండేళ్లలోపు ఇవ్వాలి.

అక్కడికి పోయేటప్పుడు ఒప్పంద కాగితం, రసీదులు, గోడ ఫొటోలు, గాజుముక్కల నోటుబుక్కు తీసుకుపోండి. ఇంజనీరు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం అన్నిటికంటే ముఖ్యం. అన్నిటికీ జిరాక్సులు తీయించి అవే ఇవ్వండి. అసలు కాగితాలు ఇంట్లో పెట్టెలో ఉంచండి, చెమ్మ తగలని చోట.